మూడు కుట్లు

మంచం మీదికెళ్లి దూకిండు.
కూలర్ అంచు అడ్డమొచ్చింది.
నేను మిషన్ మీద ఉన్న,
బ్యాంకు మేడం పట్టు జాకెట్‌కు పైపింగ్ పెడుతున్న.

ముందు చప్పుడు. తర్వాత ఏమీ లేదు.
పిల్లలున్న ఇంట్ల ఆ ఏమీ లేకపోవుడే భయం.
ఏడుపు వినబడితే సగం గండం గడిచినట్టు.

ఏడ్చిండు. ఊపిరి పీల్చుకున్న.

గదవ కింద ఇంకో నోరు తెరుచుకుంది.
రక్తం బనీను మీద ఆగలే,
నా చేతులంటుకొని పట్టు దాకా పోయింది.
పసుపు కోసం చెయ్యి పెడితే
కారం డబ్బా దొరికింది.
దాని మూత తియ్యకపోవుడే
ఈ రోజు నేను చేసిన పెద్ద తెలివైన పని.

లౌక్యను చంకల ఇరికించుకొని
నిహాల్‌ను భుజానేసుకొని మెట్లు దిగుతుంటే
కింది పోర్షన్ షాహీన్ ఆపా తలుపు తీసింది.
ఏమైందని అడగలే.
"లావో" అని చిన్నదాన్ని గుంజుకుంది.
నా కాళ్ల దిక్కు చూసి
తన చెప్పులు విడిచి ముందుకు జరిపింది.

వారాసిగూడ చౌరస్తాల ఆటో అతను
సీటు ఖరాబైతదని మొహం చిట్లించిండు.
పిల్లగాని మొహం చూసి
మెడల తువ్వాల తీసిచ్చిండు.
దవాఖాన దాకా ఒక్క గుంత తప్పించలే.
తప్పించేటంత రోడ్డు ఎక్కడుంది?

డాక్టరమ్మ నా చెల్లె ఈడుది.
"గట్టిగా పట్టుకోండి, కదలనివ్వొద్దు" అన్నది.

పద్నాలుగేండ్ల సంది కుడుతున్న.
పెండ్లి జాకెట్లు, బడి యూనిఫాంలు,
చిరిగిన జాగ కనబడకుండ రఫ్ఫులు.
నా వేలికి సూది ఎన్నిసార్లు దిగిందో లెక్క లేదు.
కానీ ఆ వంకర సూది వాని తోలుల దిగుతుంటే
గోడ మీది టీకాల చార్టు చదువుకుంట నిలబడ్డ.
ఆరు వారాలు. పది వారాలు. పద్నాలుగు వారాలు.
అన్నీ ఏయించిన, ఒక్కటి తప్పలే.
దూకుడుకు టీకా లేదు.

మూడు కుట్లు.
రెండోది కొంచెం ఎడంగ పడ్డది.
నేనైతే విప్పి మళ్ల కుట్టేదాన్ని.
ఏమనలే.
వాడు ఎక్కిళ్ల మధ్యల అడిగిండు,
"అమ్మా, కొలత తీస్కోకుండనే కుట్టింది కదా?"
అప్పుడు చూసుకున్న,
మెడల టేపుతోనే వచ్చిన దవాఖానకు.

ఇంటికొస్తే ఆపా గుమ్మంల నవ్వాపుకుంటుంది.
చిన్నది వాళ్ల గోధుమపిండిల మునిగి తేలింది.
కనుబొమ్మలు తెల్లగ, నా నాయనమ్మ తీరుగ.
సుర్మా డబ్బా ఎట్ల అందిందో ఏమో,
గోడ మీద నల్లటి వేళ్లు, పదో పన్నెండో.
"బక్రీద్‌కు సున్నం ఏయించేదే ఉండె, పో" అన్నది.
ఆమె చెప్పులు నా కాళ్లకే ఉన్నయి.
ఇద్దరం మర్చిపోయినం.

రాత్రి కాటేదాన్ నుంచి మా ఆయన ఫోను.
"అప్పుడు నువ్వేం చేస్తున్నవ్?"
"పైపింగ్ పెడుతున్న."
నిజమే కదా.
అవతల చాలాసేపు ఫ్యాక్టరీ మిషన్ల చప్పుడే.
తర్వాత, "నువ్వు తిన్నవా?"

తినలే. ఇద్దరూ పండుకున్నంక
చల్లనీళ్లల్ల ఉప్పేసి పట్టు నానబెట్టిన.
మరక పోయింది, గోరంత మిగిలింది.
చంక కిందికి మలిచి కుట్టేసిన.
మేడం అడిగితే చెప్త.
అడగకపోతే చెప్పాలె, అదే కష్టం.

నిద్ర పట్టలే.
డబ్బాల అడుగున మిగిలిన ముక్కలు తీసిన.
ఆకుపచ్చ శాటిను, అస్తరు బట్ట, పాత దుప్పటి దూది.
కూలర్ నాలుగంచులు టేపుతోని కొలిచి
దానికొక మెత్తటి జాకెట్ కుట్టిన,
వెనుక తాళ్లు, తాళ్లకు కుచ్చులు కూడా.

తెల్లారి వాడు లేచి చూసిండు.
పట్టీ గదవతోని దానికి ఒరిగి, చెంప ఆనించి
"మెత్తగుందమ్మా" అన్నడు.

అని
మంచమెక్కిండు.